థొరాంగ్ లా దాటే దారి: చామే నుంచి కాగ్‌బేనీ దాకా ఎనిమిది రోజులు

అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే కాలిబాటలోకి నేపాల్ 1977లో విదేశీయులను అనుమతించింది. అప్పట్లో మార్స్యాంగ్డీ నది వెంట ఎక్కి, థొరాంగ్ లా కనుమ దాటి, కాళీగండకి వెంట దిగి పొఖరా చేరేసరికి మూడు వారాలు పట్టేది. ఇప్పుడు తూర్పున జీపు రోడ్డు మనాంగ్ దాకా ఎక్కింది. పడమట బస్సులు ముక్తినాథ్ దాకా వస్తున్నాయి. అయినా నడిచి తీరాల్సిన భాగం ఒకటి మధ్యలో మిగిలే ఉంది. చామే నుంచి పై ఊళ్ల మీదుగా మనాంగ్, అక్కణ్ణుంచి కనుమ, కనుమకు ఆవలి వైపు ముక్తినాథ్. అంతా కలిపి 65–70 కిలోమీటర్లు.

దూరం చూస్తే నాలుగు రోజుల పని. కాని చామే ఎత్తు 2,670 మీటర్లు, కనుమ 5,416 మీటర్లు. అందుకే ఈ దారికి ప్రణాళిక వేసేటప్పుడు ముందు చూడాల్సింది ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం అన్నది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. కింద చెప్పిన రోజులన్నీ ఆ లెక్కకి దగ్గరగా కట్టినవే. వీటికి తోడు మంచు పడితే ఆగడానికి రెండు రోజులు అదనంగా చేతిలో ఉండాలి. తిరుగు టికెట్ తేదీ దగ్గరపడిందని వాతావరణం బాగాలేని రోజున కనుమ ఎక్కడం ఈ దారిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు.

చామే చేరేదాకా

తెలుగు రాష్ట్రాల నుంచి రైల్లో గోరఖ్‌పూర్ వెళ్లి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, భైరహవా నుంచి నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మీదుగా దుమ్రే చేరవచ్చు. అక్కడ ఉత్తరానికి తిరిగితే బేసీసహర్. భారతీయులకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి. విమానంలో వెళ్లేవాళ్లు ఆధార్‌ని నమ్ముకోకూడదు.

అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ ముందే తీసుకోవాలి. సార్క్ దేశాల వాళ్లకి రుసుము తక్కువ, కాబట్టి భారతీయులమని చెప్పి గుర్తింపు కార్డు చూపించడం మరవద్దు. ధారాపానీలోనూ ముక్తినాథ్‌లోనూ ఈ పర్మిట్ అడుగుతారు. విదేశీ ట్రెక్కర్లకు లైసెన్స్ ఉన్న గైడ్ తప్పనిసరి అని 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్ టూరిజం బోర్డు నిబంధన పెట్టింది. బయల్దేరే ముందు అప్పటికి అమల్లో ఉన్న నియమం అడిగి తెలుసుకోవాలి. డబ్బు మొత్తం బేసీసహర్‌లోనే నేపాలీ నోట్లుగా మార్చి పెట్టుకోవాలి. మన 100 రూపాయలకి వాళ్ల 160. పైన ఏటీఎం పనిచేస్తుందని ఆశపడి వెళ్లకూడదు.

బేసీసహర్ నుంచి చామేకి షేరింగ్ జీపులో దాదాపు రోజంతా పడుతుంది. కొండ అంచుని తొలిచి వేసిన రోడ్డు, కింద నది, అడుగడుగునా కుదుపులు. బేసీసహర్ సుమారు 760 మీటర్లు కాబట్టి ఒక్క రోజులో 1,900 మీటర్లు ఎక్కేసినట్టే. జీపు ఇక్కడ దిగిపోవాలి. అదే జీపులో మనాంగ్ దాకా పోదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. పగలు బాగానే ఉంటుంది. రాత్రికి తలనొప్పి, తెల్లారేసరికి వాంతులు. అలా కాపాడుకున్న మూడు రోజులూ మంచం మీదే పోతాయి.

సంచి బరువు 8–10 కిలోలు దాటనివ్వకండి. పోర్టర్ని పెట్టుకుంటే ఒక్కరి మీద 20–25 కిలోలకు మించి వేయకూడదు. అతనికి కూడా కనుమకి సరిపడే బూట్లు, కోటు, చేతి తొడుగులు ఉన్నాయో లేదో చామేలోనే చూడాలి. ఇది మన బాధ్యత. మైనస్ 10 డిగ్రీలకు ఆగే స్లీపింగ్ బ్యాగ్, డౌన్ జాకెట్, రెండు పొరల చేతి తొడుగులు, కొత్త బ్యాటరీలు వేసిన హెడ్‌ల్యాంప్, పక్కలు కూడా మూసే నల్ల కళ్లజోడు, మంచు మీద జారకుండా బూట్లకి తగిలించుకునే మైక్రోస్పైక్స్ కావాలి. బూట్లు మాత్రం కొత్తవి వద్దు. కనీసం 50 కిలోమీటర్లు నడిచి కాలికి అలవాటైనవే తేవాలి.

తిండికి లోటు లేదు. ప్రతి లాడ్జిలో దాల్ భాత్ దొరుకుతుంది, పప్పు, అన్నం, కూర అడిగినంత మళ్లీ వడ్డిస్తారు. ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు చప్పటి పప్పన్నం లోపలికి దిగదు. పావుకిలో కందిపొడో కరివేపాకు పొడో ఒక డబ్బాలో వేసుకెళ్తే ఆ నాలుగు ముద్దలూ తినగలుగుతారు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, కనుమ ముందు రోజు రాత్రి కడుపునిండా తిన్నవాళ్లకీ టీతో సరిపెట్టుకున్నవాళ్లకీ తేడా మర్నాడు తెల్లవారుజామున తెలుస్తుంది. చామే దాటాక మాంసం మానేయడం మంచిది, ఫ్రిజ్ లేకుండా రోజుల తరబడి మోసుకొచ్చినదే అయి ఉంటుంది. చిక్కీలు, సున్నుండలు దారిలో జేబులో ఉండాలి.

మొదటి రోజు: చామే – అప్పర్ పిసాంగ్

సుమారు 14 కిలోమీటర్లు, 5–6 గంటలు. చామే మనాంగ్ జిల్లా కేంద్రం. మరిచిపోయిన మందో సబ్బో కొనాలంటే ఇక్కడే. ఊరు దాటాక పైన్ అడవిలో, ఎక్కువ భాగం రోడ్డు మీదే నడక. ఎరుపు–తెలుపు గీతల గుర్తులు ప్రధాన కాలిబాటకి, నీలం–తెలుపు గీతలు పక్క దారులకి. రోడ్డు వదిలి కాలిబాట ఎక్కే చోట ఈ గుర్తులు రాళ్ల మీద, చెట్ల మీద కనిపిస్తాయి. అరగంట గడిచినా గుర్తు కనపడకపోతే వెనక్కి రావాలి.

భ్రతాంగ్ దగ్గర, 2,850 మీటర్ల ఎత్తులో, వరసలు తీర్చిన పెద్ద ఆపిల్ తోటలు వస్తాయి. అది దాటగానే నదికి ఆవల ఒకే ఒక రాతి పలక, గిన్నె లోపలి వైపులా వంపు తిరిగి, నది నుంచి సుమారు 1,500 మీటర్లు పైకి లేచి ఉంటుంది. పౌంగ్డా దండా అంటారు, స్వర్గద్వారి అని కూడా పిలుస్తారు. చనిపోయినవాళ్ల ఆత్మలు ఈ పలక మీదుగానే పైకి ఎక్కుతాయని ఇక్కడి గురుంగుల నమ్మకం. దాని కింద నడుస్తున్నంతసేపూ తల ఎత్తి చూడకుండా ఉండలేం.

తర్వాత అడవిలో ఎక్కుడు, ఆ పైన ధుకుర్ పోఖరీ, 3,240 మీటర్లు. మధ్యాహ్నం భోజనం ఇక్కడ. ఊరు దాటాక దారి చీలుతుంది. ఎడమకి రోడ్డు వెంట లోయర్ పిసాంగ్, కుడికి కాలిబాట మీద అప్పర్ పిసాంగ్. అలసిపోయి ఉంటాం కాబట్టి రోడ్డే ఆకర్షిస్తుంది. కుడికే వెళ్లాలి. 3,310 మీటర్ల ఎత్తున్న ఈ పాత ఊళ్లో కిటికీ తెరిస్తే ఎదురుగా 7,937 మీటర్ల అన్నపూర్ణ–2 నిలబడి ఉంటుంది. రేపటి దారి కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రెండో రోజు: అప్పర్ పిసాంగ్ – ఘ్యారూ – ఙవల్

ఇక్కడి నుంచి మనాంగ్‌కి రెండు దారులు. కింది దారి హుమ్డే మీదుగా జీపుల దుమ్ములో చదునుగా పోతుంది, ఒక్క రోజులో చేరిపోవచ్చు. పై దారి ఘ్యారూ, ఙవల్ ఊళ్ల మీదుగా కొండ అంచున వెళ్తుంది, రెండు రోజులు. పై దారే తీసుకోవాలి. కొండలు బాగా కనిపించడం ఒక్కటే కారణం కాదు. ఙవల్‌లో 3,680 మీటర్ల దగ్గర పడుకుని మర్నాడు 3,540 మీటర్ల మనాంగ్‌కి దిగుతాం. ఇలా ఎత్తులో ఒక రాత్రి ఉండి కాస్త దిగడంతో ఒంట్లో వచ్చే సర్దుబాటు కనుమ రోజున పనికొస్తుంది. కింది దారిన వచ్చినవాళ్లు మనాంగ్‌లో తలనొప్పితో ఉంటే పై దారిన వచ్చినవాళ్లు మెట్లెక్కుతూ కబుర్లు చెప్పుకుంటుంటారు.

ఊరు దాటాక చాలాసేపు దారి సమంగా ఉంటుంది. కింద పచ్చని చిన్న సరస్సు, తర్వాత పొడుగాటి మణి గోడ. ప్రార్థన మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన గోడ అది. మన ప్రదక్షిణలాగే గోడ కుడి చేతి వైపు ఉండేలా నడవాలి. తర్వాత వేలాడే వంతెన. అది దాటగానే ఘ్యారూ ఎక్కుడు. దాదాపు 400 మీటర్లు, వంపులు వంపులుగా, గంట నుంచి గంటన్నర. మధ్యలో నీళ్లు లేవు, నీడ చాలా తక్కువ. 7 గంటలకల్లా బయల్దేరితే ఎండ ముదరకముందే పైకి చేరతాం, 10 తర్వాత మొదలుపెడితే ఇదే ఎక్కుడు రెట్టింపు అవుతుంది. వంతెన దగ్గర లీటరు నీళ్లు ఉండాలి.

ఘ్యారూ 3,730 మీటర్లు. చదును కప్పుల రాతి ఇళ్లు, కప్పుల మీద ఆరబోసిన పంట, కట్టెల మోపులు. ఎదురుగా అన్నపూర్ణ–2 నుంచి 7,455 మీటర్ల గంగాపూర్ణ దాకా మంచు గోడ ఒకే వరసలో కనిపిస్తుంది. వర్షాకాలపు మబ్బుల్ని ఆపేది ఈ గోడే. అందుకే నిన్నటి పైన్ అడవి ఇవాళ పల్చబడి మరుగుజ్జు జునిపెర్ పొదలు మిగిలాయి. నేపాలీలో ఈ చెట్టుని ధూపీ అంటారు. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ దీని ఆకుల పొగ వేస్తారు. ధూపం అన్న మాట మనకి తెలిసిందే. ఇక్కడ దాని వాసన ఊరంతా ఉంటుంది.

ఘ్యారూ నుంచి ఙవల్‌కి రెండు గంటలు, పెద్దగా ఎక్కుడు లేదు.

మూడో రోజు: ఙవల్ – మనాంగ్

మూడు నాలుగు గంటలే. దిగుడు, తర్వాత ముంజీ దగ్గర రోడ్డు, దుమ్ము. ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. చలిగాలితో పాటు ఈ దుమ్ము వల్లే చాలామందికి మనాంగ్ చేరేసరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. బ్రాగా దగ్గర అరగంట ఆగి కొండ మీది బౌద్ధ మఠం చూడాలి. సుమారు 500 ఏళ్ల నాటిది. కొండ వాలుకి ఇళ్లు తేనెపట్టులా అతుక్కుని ఉంటాయి. బ్రాగాలోనే బస చేసినా పర్వాలేదు, మనాంగ్ అరగంట దూరమే.

నాలుగో రోజు: మనాంగ్‌లో

ఈ రోజు తీసేస్తే మిగతా ప్రణాళిక అంతా కూలిపోతుంది. ఆగడమంటే మంచం మీద పడుకోవడం కాదు. పగలు ఎత్తుకి ఎక్కి, రాత్రి కిందకి వచ్చి పడుకోవాలి. గంగాపూర్ణ సరస్సుకి ఎగువన ఉన్న వ్యూపాయింట్ రెండు మూడు గంటల పని, అందరికీ సరిపోతుంది. ఒంట్లో బాగా ఉన్నవాళ్లు బ్రాగా నుంచి సుమారు 4,600 మీటర్ల ఎత్తున్న కీచో తాల్‌కి, అంటే ఐస్ లేక్‌కి వెళ్లి రావచ్చు. దానికి రోజంతా కావాలి. వెయ్యి మీటర్ల పైన ఎక్కుడు, దారిలో నీళ్లు దొరకవు. అక్కడికి వెళ్తే మర్నాడు ఇంకో రోజు మనాంగ్‌లో ఆగడం మంచిది. తిలిచో సరస్సుకి కూడా ఇక్కడి నుంచే దారి చీలుతుంది. అది మూడు రోజుల వేరే యాత్ర, ఆ దారిలో రాళ్లు జారే వాలు చాలా దూరం ఉంటుంది.

మధ్యాహ్నం మాత్రం ఊళ్లో ఉండాలి. ట్రెక్కింగ్ సీజన్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యశిబిరంలో రోజూ మధ్యాహ్నం ఎత్తు జబ్బు గురించి డాక్టర్లు చెబుతారు. గంట కూడా పట్టదు. గైడ్‌కి తెలుసులే అని మానేయకండి. ఆ మాటల్లో గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

తలనొప్పి, దానితో పాటు వికారమో నీరసమో నిద్రపట్టకపోవడమో ఉంటే ఎత్తు జబ్బే అనుకోవాలి. ఎండ వల్లేమో, నిన్నటి తిండి వల్లేమో అని వేరే కారణాలు వెతకకూడదు. అవి తగ్గేదాకా ఇంకా పైకి ఎక్కకూడదు. సరళరేఖ మీద మడమకి వేళ్లు ఆనించి నడవమన్నప్పుడు తూలితే, మాట తడబడితే మెదడు వాచిందని అర్థం. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే, దగ్గులో నురగ వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఈ రెండిట్లో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే తోడుతో కిందకి దింపాలి. తెల్లారనీ అని ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. 500 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలామంది తేరుకుంటారు. జబ్బుపడ్డవాళ్లని ఒంటరిగా దింపకూడదు.

డయామాక్స్ మాత్ర, 125 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి రాత్రి ఒకటి, ఒళ్లు త్వరగా అలవాటుపడేందుకు సాయం చేస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ అవుతుంది, రెండూ మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే డాక్టర్ని అడగాలి. వేసుకుంటామనుకుంటే ఇంటి దగ్గరే ఒకరోజు వేసుకుని చూడాలి. ఈ మాత్ర తలనొప్పిని కప్పిపుచ్చి పైకి ఎక్కించే మందు కాదు. నిద్రమాత్రలు, మద్యం కనుమ దాటేదాకా వద్దు, రెండూ నిద్రలో ఊపిరిని ఇంకా నెమ్మది చేస్తాయి.

ఐదో రోజు: మనాంగ్ – యాక్ ఖర్కా

9–10 కిలోమీటర్లు, నాలుగు గంటలు. మార్స్యాంగ్డీ లోయ వదిలి వాయవ్యంగా పక్క లోయలోకి తిరుగుతాం. గున్సాంగ్‌లో 3,950 మీటర్ల దగ్గర టీ, తర్వాత 4,050 మీటర్ల యాక్ ఖర్కా. ఖర్కా అంటే వేసవి మేత బయలు, పేరుకి తగ్గట్టే యాక్‌లు కనిపిస్తాయి. మధ్యాహ్నం 12కే చేరిపోతాం. ఇంకో గంట నడిస్తే 4,200 మీటర్ల లేదర్ వస్తుంది గదా అనిపిస్తుంది. వద్దు, ఇవాళ్టికే 510 మీటర్లు ఎక్కాం. సామాను దించి, టీ తాగి, వంద మీటర్లు పైకి వెళ్లి వచ్చి పడుకోవాలి.

ఇక్కడి నుంచి నీళ్ల మీద శ్రద్ధ పెట్టాలి. రోజుకి నాలుగు లీటర్లు, టీతో సహా. ఈ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. తాగడానికి అది చాలు, ఒకసారి తెర్లితే క్రిములు చస్తాయి. కాని అన్నం ఉడకదు, అందుకే లాడ్జిలన్నిటిలో కుక్కర్ల ఈలలు. క్లోరిన్ మాత్ర వేస్తే చల్లటి నీళ్లలో అది నెమ్మదిగా పనిచేస్తుంది, పొట్లం మీద రాసిన సమయానికి రెట్టింపు ఆగాలి. పడుకునే ముందు మరిగిన నీళ్లు లోహపు సీసాలో పోయించి గుడ్డ చుట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకుంటే రాత్రంతా వెచ్చదనం, పొద్దున తాగడానికి గడ్డకట్టని నీళ్లు.

ఆరో రోజు: యాక్ ఖర్కా – థొరాంగ్ ఫేదీ

7 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. లేదర్ దాటాక వాగు మీద వంతెన, ఆవల ఎక్కుడు. ఫేదీకి ముందు కొండచరియలు జారే వాలు అడ్డంగా దాటాలి. పైన నీలిగొర్రెలు మేస్తూ రాళ్లు దొర్లిస్తాయి, పొద్దెక్కి మంచు కరిగితే రాళ్లు వాటంతటవే వస్తాయి. ఇక్కడ ఫొటోలకీ విశ్రాంతికీ ఆగకూడదు. ఒకరికొకరు దూరం ఉంచి, పైకి ఒక కన్నేసి, చకచకా దాటేయాలి. ఉదయం 11 లోపు దాటితే మంచిది.

ఫేదీ అంటే కొండ పాదం, సుమారు 4,450 మీటర్లు. ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. రాత్రి ఇక్కడ పడుకోవాలా, ఇంకో 430 మీటర్లు ఎక్కి 4,880 దగ్గరున్న హై క్యాంప్‌లో పడుకోవాలా? హై క్యాంప్‌లో పడుకుంటే కనుమ రోజు గంటన్నర నడక తగ్గుతుంది. కాని యాక్ ఖర్కా నుంచి ఒక్క రోజులో 830 మీటర్లు పెంచినట్టవుతుంది, నిద్ర పట్టదు, తిండి సహించదు. అక్కడ రాత్రి ఒంట్లో బాగాలేకపోతే చీకట్లో నిటారు దారిన దిగాలి. మధ్యాహ్నం సంచి లేకుండా హై క్యాంప్ దాకా వెళ్లి టీ తాగి, రేపటి దారి చూసి, ఫేదీకి దిగివచ్చి పడుకోవడమే మేలు. హై క్యాంప్‌లో పడుకోవాలనుకుంటే ఫేదీలో ఒక రాత్రి గడిపాకే.

ఫేదీ నుంచి గుర్రాలు దొరుకుతాయి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకి మంచి ఉపాయం. ఎత్తు జబ్బు ఉన్నవాళ్లని మాత్రం గుర్రం ఎక్కించి కనుమ దాటించకూడదు. గుర్రం మీదున్నా ఎత్తు పెరుగుతూనే ఉంటుంది.

ఈ రాత్రి వాతావరణం మాట మాట్లాడుకోవాలి. తెలుగువాళ్లకి ఇది దూరదేశపు సంగతి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ తుపాను బలహీనపడి ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత అక్టోబరు 14న ఈ కనుమ మీద మంచుతుపానుగా కురిసింది. పన్నెండు గంటల్లో సుమారు ఆరడుగుల మంచు పడింది. అది ట్రెక్కింగ్ సీజన్ నడిమధ్య. అన్నపూర్ణ ప్రాంతమంతా కలిపి కనీసం 43 మంది చనిపోయారు. కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతూ, అడుగు దూరంలో ఏముందో కనిపించని తెల్లదనంలో దారి తప్పి చలికి పోయినవాళ్లు వాళ్లలో ఎందరో. విశాఖలో చెట్లు కూలిన సంగతి అప్పటికే ప్రపంచానికి తెలుసు. ఆ కబురు కనుమ కింద ఉన్నవాళ్లకి హెచ్చరికగా అందలేదు.

అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఆ నెలల్లోనే బంగాళాఖాతంలో తుపానులు పుడతాయి. కాబట్టి మనాంగ్ నుంచే, నేపాల్ టెలికాం సిమ్‌తో సిగ్నల్ ఉన్నప్పుడల్లా, మన వాతావరణ శాఖ తుపాను బులెటిన్ చూడాలి. ఇంట్లో వాళ్లకి ఈ పని అప్పగిస్తే ఇంకా మంచిది. ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం వైపు తుపాను వస్తోందంటే, అది తీరం దాటి ఉత్తరానికి తిరిగిందంటే, ఫేదీలో నక్షత్రాలు మెరుస్తున్నా మూడు రోజులు కనుమ జోలికి పోకూడదు. మంచు పడితే ఆగిన మర్నాడే బయల్దేరకూడదు, దారి తొక్కుడు పడేదాకా ఒక రోజైనా ఆగాలి.

ఏడో రోజు: థొరాంగ్ లా – ముక్తినాథ్

970 మీటర్లు ఎక్కాలి, 1,650 మీటర్లు దిగాలి. 9–10 గంటలు. ఫేదీ నుంచి తెల్లవారుజామున 4కి బయలుదేరాలి. కారణం గాలి. 10 దాటాక కనుమ మీద గాలి లేస్తుంది, నిలబడనివ్వదు. మరీ 2కి, 3కి లేచి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఎండ రావడానికి ముందున్న ఆ అదనపు గంటల చలిలో వేళ్లు కొయ్యబారిపోతాయి, లాభం ఏమీ లేదు.

రాత్రే సంచి సర్దుకోవాలి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టాలి, మంచు పైభాగంలో కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లుగానే ఉంటుంది. గొట్టంతో తాగే సంచి వాడేవాళ్లు ప్రతి గుక్క తర్వాత గొట్టంలోకి ఊది నీళ్లు వెనక్కి పంపాలి, లేదంటే పది నిమిషాల్లో గడ్డకడుతుంది. ఫోను, అదనపు బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి తగిలేలా ఉండాలి. బయల్దేరేటప్పుడు కాస్త చలి వేస్తున్నట్టే ఉండాలి. అన్నీ తొడుక్కుని ఎక్కితే హై క్యాంప్ చేరేలోగా చెమట పట్టి, ఆగిన క్షణంలో ఆ తడే గడ్డకడుతుంది.

హై క్యాంప్ దాకా గంటన్నర నిటారు ఎక్కుడు. దాని తర్వాత వచ్చే అడ్డవాలు ఈ రోజు మొత్తంలో జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. చీకట్లో, రాత్రి గడ్డకట్టిన మంచు మీద, ఒక పక్క లోయ. మైక్రోస్పైక్స్ ఇక్కడే తగిలించుకోవాలి, జారాక కాదు. అది దాటితే దారి విశాలమైన మట్టి, రాళ్ల గుట్టల మీదుగా సాగుతుంది. మధ్యలో ఒక టీ గుడిసె. అదిగో కనుమ అనుకున్న ప్రతి గుట్ట వెనకా ఇంకో గుట్ట ఉంటుంది. కనీసం నాలుగైదు సార్లు ఇలా జరుగుతుంది. ముందే తెలిస్తే మనసు నీరసపడదు. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. గంటకోసారి రెండు నిమిషాలు ఆగి, రెండు గుక్కలు, ఒక చిక్కీ ముక్క. ఆకలి లేకపోయినా సరే.

కనుమ మీద రంగు రంగుల ప్రార్థన జెండాల గుట్ట, ఒక బోర్డు, ఒక టీ గుడిసె. సముద్రమట్టంతో పోలిస్తే ఊపిరికి అందే ఆక్సిజన్ సగం పైచిలుకు. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఫొటో కోసం చేతి తొడుగులు తీసి ఐదు నిమిషాలు ఉంచితే వేళ్లు తిరిగి కదలడానికి అరగంట పడుతుంది. మంచు ఉన్న రోజు నల్ల కళ్లజోడు తీయకూడదు. కాసేపటికే కళ్లు కమిలి, సాయంత్రానికి ఇసుక పోసినట్టు మండుతాయి.

ఎక్కుడు అయిపోయిందని ఊపిరి పీల్చుకుంటాం. మోకాళ్లకి అసలు పని ఇప్పుడే మొదలు. 1,650 మీటర్ల దిగుడు, పొడి మట్టి, జారే గులకరాళ్లు. బూటు లేసులు చీలమండ దగ్గర గట్టిగా, వేళ్ల దగ్గర వదులుగా మళ్లీ కట్టుకోవాలి. కాలి గోళ్లు నిన్ననే కత్తిరించి ఉండాలి, లేకపోతే బూటు ముందుకి తగిలి గోరు నల్లబడి ఊడిపోతుంది. ఊతకర్రల పొడవు 5–10 సెంటీమీటర్లు పెంచాలి. 4,200 మీటర్ల చిల్లర దగ్గర చరాబూలో టీకొట్లు వస్తాయి, అక్కడ తిని అరగంట కాళ్లు చాపుకోవచ్చు. ఎదురుగా 8,167 మీటర్ల ధవళగిరి కనిపిస్తుంటుంది. ఈ వైపు నేలంతా బూడిద, పసుపు, ఎరుపు రంగుల ఎడారి.

దారి తిన్నగా ముక్తినాథ్ గుడి దగ్గరకే దిగుతుంది, రాణీపౌవా ఊరు దాని కింద. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఇది సాలగ్రామ క్షేత్రం, తిరుమంగై ఆళ్వార్ పాశురాల్లో కీర్తించిన చోటు. గుడి వెనక అర్ధచంద్రాకారంలో 108 ధారలు, ముందు రెండు కుండాలు. దగ్గర్లోనే జ్వాలామాయి గుడిలో నీళ్ల పక్కన సహజవాయువుతో వెలిగే చిన్న నీలి జ్వాల. హిందువులకీ బౌద్ధులకీ ఒకే గుడి. 108 ధారల కింద తడవాలనుకునేవాళ్లు ఇవాళ వద్దు. అలసిన ఒంటికి, సాయంత్రపు గాలికి ఆ మంచునీళ్లు మంచివి కావు. రేపు ఎండ వచ్చాక స్నానం చేయవచ్చు, పొడి బట్టలు, తువ్వాలు చేతికందేలా పెట్టుకుని.

ఇక్కడ తెలుగు మాట వినిపిస్తుంది. పొఖరా నుంచి ఒక్క రోజులో, 820 మీటర్ల నుంచి 3,700 పైకి వచ్చేసిన పెద్దవాళ్లు మెట్ల మీద ఆయాసపడుతుంటారు. కనుమ దాటివచ్చిన మనకి ఇది తక్కువ ఎత్తు, వాళ్లకి ఇదే థొరాంగ్ లా. ఎవరైనా తూలుతున్నా, పెదవులు నీలంగా ఉన్నా, దర్శనం సంగతి తర్వాత, ముందు జీపులో జోమ్‌సోమ్‌కి దింపమని వాళ్లవాళ్లకి చెప్పండి. తెలుగులో చెబితే వింటారు.

ఎనిమిదో రోజు: ముక్తినాథ్ – కాగ్‌బేనీ

ఝార్కోట్, ఖింగర్ మీదుగా 2,800 మీటర్ల కాగ్‌బేనీకి మూడు నాలుగు గంటలు. స్నానం, దర్శనం పెందలాడే ముగించుకుని 8 లోపు కదలాలి. కాళీగండకి లోయలో 11 దాటాక దక్షిణం నుంచి గాలి మొదలై సాయంత్రం దాకా ఇసుకతో కొడుతుంది. కాగ్‌బేనీ నుంచి జోమ్‌సోమ్‌కి నడిచేవాళ్లకి అది సరిగ్గా ముఖానికి ఎదురు. అందుకే ఇక్కడ ఆగిపోయి, ఆ రెండు మూడు గంటల నడక మర్నాడు పొద్దున్నే పూర్తిచేయడం సుఖం.

కాగ్‌బేనీ నదుల సంగమం, పితృకార్యాలకి పేరున్న చోటు. ఊరికి ఉత్తరాన అప్పర్ ముస్తాంగ్, దానికి ప్రత్యేక పర్మిట్ కావాలి, చెక్‌పోస్టు దాటకూడదు. నది ఇసుకలో నల్లటి గుండ్రటి రాళ్లు కనిపిస్తాయి, కొన్నిటిలో చక్రం గుర్తు. టెథిస్ సముద్రం ఇక్కడ ఉన్నప్పుడు బతికిన అమ్మోనైట్లు అనే చుట్ట గుల్లల జీవుల శిలాజాలు అవి, 14–15 కోట్ల ఏళ్ల నాటివి. మనం సాలగ్రామాలని పూజించేవి ఇవే. చేత్తో తాకి, చూసి, అక్కడే వదిలేయాలి.

జోమ్‌సోమ్ నుంచి పొఖరాకి విమానాలు గాలి లేవకముందే, ఉదయం పూట మాత్రమే ఎగురుతాయి. ఒకరోజు రద్దయితే మర్నాటికి వరస పెరుగుతుంది. బస్సుకైతే 8–10 గంటలు, ముందురోజు సాయంత్రమే టికెట్ తీసుకోవాలి.